కుట్టు విప్పిన చేతితోనే

నా చిన్నప్పుడు నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఆ ఏడాది చాలాసార్లు అనుకున్నాను. దెబ్బ తగిలితే చూపించడానికి ఒక మచ్చయినా ఉంటుంది.

మహారాష్ట్ర సరిహద్దున బోథ్ దగ్గరి మా ఊళ్లో ఐదో తరగతి అయ్యాక నన్ను కరీంనగర్‌లో ఉన్న మా మేనత్త ఇంట్లో ఉంచి, ఆడపిల్లల బడిలో వేశారు. మా నాన్న, మా మాటలో బాపు, అప్పటికే మస్కట్‌కు పనికి వెళ్లాడు. అత్త బట్టలు కుట్టేది. ముందుగదిలో మిషను, గోడకు కొలతల కాగితాలు, నేల నిండా గుడ్డపీలికలు. నా మాటలో మరాఠీ కలిసి వచ్చేది. మొదటి వారంలోనే మా తరగతిలో ఒక పిల్ల అది పట్టుకుంది. పెద్ద భూస్వాముల ఇంటి పిల్ల, చూడచక్కని పిల్ల. ఆమె నవ్వితే తరగతంతా నవ్వేది. నేను బెంచీ మీద కూర్చుంటే ఆమె వేలు కదిపేది, మిగతావాళ్లు లేచిపోయేవారు. నేను తినే చోట ఎవరూ టిఫిన్ డబ్బా విప్పేవారు కాదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. కానీ మూడు నెలలుగా బాపు దగ్గర నుంచి ఉత్తరం రాలేదు. అది ఎలా తెలిసిందో ఆ పిల్లకు తెలిసింది. 'దాని బాపు అక్కడ ఇంకో పెండ్లి చేసుకున్నడు' అన్న మాట ఒక్క పూటలో బడంతా పాకింది. అది అబద్ధమని తిప్పికొట్టలేకపోయాను. ఎందుకంటే రాత్రుళ్లు నాకూ అదే భయం.

ఆ నెలలోనే బడి పండుగ వచ్చింది. కోలాటానికి ఎనిమిది మందిని తీసుకున్నారు. నా పక్కన నిలబడబోమని అందరూ చెప్పడంతో నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టారు. ఆ ఎనిమిది జాకెట్లు కుట్టే పని మాత్రం అత్తకే వచ్చింది. ఆ పిల్ల జాకెట్టు ఏదో నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం అత్త దారపు ఉండలకని బజారుకు వెళ్లగానే బ్లేడు తీసుకుని, చంక కింది కుట్టును ఒక్కో పోగే తెంపాను. రెండు పోగులు మాత్రం వదిలాను. చేతులెత్తి కోలలు కొట్టగానే చినగాలి. వేదిక మీద, అందరూ చూస్తుండగా. ఆ పని చేస్తున్నంతసేపూ నా ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది.

అత్త వచ్చి జాకెట్లు మడుస్తూ ఒకదాని మీద బొటనవేలు ఆపింది. నా వైపు చూసింది.

"ఏంది బిడ్డా ఇది?"

"గా పిల్లది చినగాలె. అందరి ముందట" అన్నాను. తరువాత ఏడుస్తూ అంతా చెప్పాను. బాపు మాట కూడా చెప్పాను. ఆ మాట దగ్గర అత్త చేతిలోని గుడ్డ కాసేపు కదలలేదు.

తిడుతుందనుకున్నాను. వదిలెయ్యమంటుందనుకున్నాను. ఆమె నా పక్కన కూలబడి, "చినిగితె ఏమైతది? నాకు కుట్టరాదంటరు. గా పిల్ల ఇంటికి పోయి ఇంకోటి తొడుక్కుంటది. ఎందుకు చినిగిందో దానికి ఎరుకనే కాదు. ఎరుకలేకుంట తీర్చుకునుడు ఏం తీర్చుకునుడు?" అంది. సూది నా చేతికిచ్చింది. "మల్ల కుట్టు. గట్టిగ కుట్టు. ఐతారంనాడు అందరు తొడిగి చూసుకోను వస్తరు. నీ నోటితోని అడుగు."

"భయమైతది అత్తా."

"నేనుంట గద."

ఆదివారం పొద్దున పిల్లలు తల్లులతో వచ్చారు. ఆ పిల్ల వంతు వచ్చేదాకా అత్త మామూలుగానే ఉంది. ఆమెకు జాకెట్టు తొడిగి, ముక్కాలి పీట మీద నిలబెట్టి, రెండు పక్కలా గుండుసూదులు గుచ్చింది. "చేతులు దించకు బిడ్డా, గుచ్చుకుంటయ్" అని, నా వైపు తిరిగి, "ఇగ అడుగు" అంది.

నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అడిగాను. "మా బాపు ఇంకో పెండ్లి చేసుకున్నడని నీకు ఎవలు చెప్పిన్రు?"

"నేనన్లే" అంది ఆ పిల్ల.

అత్త మిగతావాళ్ల వైపు తిరిగి, "నీకెవలు చెప్పిన్రు బిడ్డా?" అని ఒక్కొక్కరినే అడిగింది. మొదటి పిల్ల తన తల్లి ముఖం చూసి, మెల్లగా పీట వైపు వేలు చూపింది. రెండో పిల్లా అంతే. ఐదో పిల్ల అడగకముందే చూపింది.

"చిన్నపిల్లల ముచ్చట్లకు పంచాయితి పెడ్తరా?" అంది పీట మీది పిల్ల తల్లి గట్టిగా.

చేతులు చాపి నిలబడ్డ ఆ పిల్లకు అప్పటికే ఏడుపు వచ్చేసింది. "నువ్వే అన్నవ్ కదా అమ్మా! కొండగట్టుకు పోయేటప్పుడు బస్సుల పెద్దమ్మతోని అన్నవ్ కదా!"

మిగతా తల్లులందరూ ఆ తల్లి వైపే చూశారు. అత్త ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడింది. "మా అన్న సంగతి తెల్సుకోవాల్నంటె నన్నడగాలె పటేలమ్మా. నేను ఎటు పోయిన? గీడనే ఉన్న గద." పగ నా ఒక్కదానిదే కాదని అప్పుడు అర్థమైంది.

ఆ తల్లి బిడ్డ చేయి పట్టుకుని లేచింది. కానీ ఒంటి మీద సూదులున్నాయి. వాటిని అత్త ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఒక్కొక్కటే తీసింది. అంతసేపూ ఆ తల్లీబిడ్డలు అందరి ముందూ అలా నిలబడే ఉన్నారు. నేను ఒక్క క్షణం కూడా చూపు తిప్పుకోలేదు.

సోమవారం ఇద్దరు పిల్లలు బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చారు. నేను వెంటనే కూర్చోలేదు. కాసేపు వాళ్లను అలాగే ఎదురుచూడనిచ్చాను. ఆ పిల్ల మళ్లీ నాతో మాట్లాడలేదు, నా గురించీ మాట్లాడలేదు. పండుగనాడు ఆమె జాకెట్టు చినగలేదు. నా కుట్టు అంత గట్టిగా ఉన్నందుకు, నిజం చెప్పాలంటే, కొంచెం దిగులుపడ్డాను. బాపు మరుసటి వేసవిలో వచ్చాడు. పనిలో కుడిచేయి నలిగి, ఇంకొకరితో ఉత్తరం రాయించడానికి సిగ్గుపడి ఊరుకున్నాడట.

మొన్న మా మనవరాలిని తరగతి పిల్లలు ఫోన్‌లోని తమ గుంపు నుంచి తీసేసి, దాని ఫొటో కింద రాయరాని మాటలు రాసుకున్నారు. దాని తల్లి, మా బిడ్డ, "పట్టించుకోకు" అంటోంది. నేను మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లను ఏం చేయాలని ఉందో చెప్పమన్నాను. అది చెప్పింది. భయంకరంగానే చెప్పింది. చివరిదాకా విన్నాను, ఒక్క మాటనూ తప్పు అనలేదు. తరువాత, ఎవరి ముందు, ఏ మాట, ఎలా అడగాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. బడికి తోడు వెళ్లాను. అడిగింది మాత్రం మనవరాలే.

మా అత్త ఆ రోజు నన్ను ఆ పిల్లను క్షమించమని అడగలేదు. నేను ఇప్పటికీ క్షమించలేదు. ఎదురుగా నిలబడి అడిగాను కనుక, ఆ కోపం నాకు బరువుగా కూడా లేదు.