పచ్చబొట్టుకు ముందు మామ్మ అడిగే ప్రశ్నలు

మామ్మ పోయిందని ఆవిడ కూతురు ఫోన్ చేసేసరికి నేను షాపులో ఒకాయన భుజం మీద సింహం బొమ్మ వేస్తున్నాను. మెషీన్ ఆపి, గ్లౌజు తీసి ఫోన్ ఎత్తాను. "అమ్మ పొద్దున్నే పోయిందండి. నిద్దట్లోనే. మీకు చెప్పాలి కదా అని చేశాను" అంది. వస్తానని కూడా అనకుండా ఫోన్ పెట్టేసి, కొత్త గ్లౌజులు తొడుక్కుని, సింహం జూలు పూర్తి చేశాను. ఆ రోజు నేను వెళ్ళలేదు. తీరిక లేక కాదు, ఆ ఇంటి గుమ్మంలో నిలబడే ముఖం లేక. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మామ్మ నాకు బంధువు కాదు. కోనసీమ తీర్థాల్లో, సంతల్లో యాభై ఏళ్ళు పచ్చబొట్లు పొడిచిన మనిషి. డెబ్బై దాటాక రాజమండ్రిలో కూతురి దగ్గరికి వచ్చి ఉంటూ, ఒకరోజు నా బోర్డు చూసి లోపలికి వచ్చింది. నేను అంతకుముందు నరసాపురంలో లేసు అల్లికలకు డిజైన్లు గీసేదాన్ని. హైదరాబాదులో మూడు నెలలు టాటూ పని నేర్చుకుని అప్పుడే షాపు పెట్టాను. ఆవిడ ఒక మూల నిలబడి నా పని అయ్యేవరకూ చూసి, "ఈ మిషను నీ చెయ్యి మాట వింటుందా, నీ చెయ్యే దాని మాట వినాలా?" అని అడిగింది. నవ్వేసి, "కూర్చో మామ్మా" అన్నాను. మర్నాటి నుంచి రోజూ వచ్చి కూర్చునేది.

నిజం చెప్పాలంటే నేను ఆవిణ్ణి గౌరవంతో కూర్చోబెట్టలేదు. కాలేజీ పిల్లలు ఆవిడతో ఫొటోలు తీసుకునేవారు. అది చూసి "పాతకాలం పచ్చబొట్టు కూడా వేయబడును" అని బోర్డు కింద ఒక లైను రాయించాను. ఆవిడకు అక్షరాలు రావు. ఏం రాశావని అడిగితే, "నీ గురించే" అన్నాను. సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

ఆవిడ దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. అందులో దారంతో పుల్లకు కట్టే సూదులు, విప్పని ప్యాకెట్లలో. ఎవరు వచ్చినా వాళ్ళ కళ్ళముందే ప్యాకెట్ చించేది. పని అవగానే ఆ సూదిని వాళ్ళ ముందే వంచి డబ్బాలో పడేసేది. "ఎవరి సూది వాళ్ళకే. మొగుడూ పెళ్ళాలైనా సరే" అనేది. రంగు గిన్నె కూడా మనిషికొకటి. మిగిలిన రంగును ఎంత కొంచెమైనా పారబోసేది. తీర్థాల్లో అయితే అరిటాకు ముక్క మడిచి దాంట్లో మసి కలుపుకునేదట. నాలాగా ప్లాస్టిక్ కప్పులు కొనుక్కునే వీలు లేనప్పుడే ఆవిడ ఆ నియమం పెట్టుకుంది.

సూది పట్టుకునే ముందు ప్రశ్నలు ఉండేవి. "తిన్నావా? షుగరుందా? ఈ మధ్య జ్వరం ఏమైనా వచ్చిందా? కడుపుతో ఉన్నావా?" అని వరసగా అడిగేది. ఆడపిల్లలైతే చెవి తమ్మె పట్టుకుని వెనక్కి తిప్పి చూసేది. కుట్టించుకున్న చోట కండ కాయలా పెరిగి ఉంటే, "నీ ఒంటికి పచ్చబొట్టు పడదమ్మా, దెబ్బ మానినా ఊరుకోని చర్మం నీది" అని పంపేసేది. కుర్రాళ్ళను, "మిలట్రీకి వెళ్తావా? పోలీసుకి వెళ్తావా? అయితే ముందు అక్కడ కనుక్కునిరా" అనేది. నా బేరాలు పాడుచేస్తోందని లోపల విసుక్కునేదాన్ని.

ఒకసారి ఒక కుర్రాడు ఒక అమ్మాయి పేరు మణికట్టు మీద వేయమని వచ్చాడు. మామ్మ బాల్‌పెన్ను నా చేతికిచ్చి ఆ పేరు అక్కడ రాయమంది.

"వారం రోజులు రోజూ స్నానం అయ్యాక దీని మీదే మళ్ళీ దిద్దుకో బాబూ. ఎనిమిదో రోజు రా."

"ఎందుకండీ, నాకు ఇప్పుడే కావాలి" అన్నాడు.

"రోజూ దిద్దడానికే బద్ధకమైతే జన్మంతా ఎలా మోస్తావు?" అంది.

అతను మళ్ళీ రాలేదు. నేను రెండు రోజులు మామ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. షాపు నిండా జనం. పాలకొల్లు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి తన స్నేహితురాలితో వచ్చింది. వాళ్ళ నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది, ఎల్లుండే సంవత్సరీకం, ఆ లోపు చేతి మీద ఆయన పేరు ఉండాలని కోరిక. మామ్మ అలవాటుగా ప్రశ్నలు వేసింది. జ్వరం తగ్గి నాలుగు రోజులే అయిందని తెలిసింది.

"పదిహేను రోజులు ఆగమ్మా. నాన్న ఎక్కడికీ పోడు" అంది మామ్మ.

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను, "మిషను కదా మామ్మా, ఏం కాదులే" అని పని మొదలుపెట్టాను. సూది కొత్తదే వేశాను. రంగు కప్పు మాత్రం ముందు మనిషికి వాడినదే. సగం రంగు మిగిలి ఉంది. మామ్మ చూసింది. "గిన్నె మార్చు అమ్మాయ్" అని మెల్లగా అంది. వినపడనట్టు ఊరుకున్నాను.

పేరు పూర్తయ్యాక ఆ అమ్మాయి మామ్మ పక్కన చేరి, "మా నాయనమ్మకు ఉండేది, నాకూ ఒక్క చుక్క చేత్తో పెట్టండి" అని బతిమాలింది. మామ్మ వద్దంటూనే కరిగిపోయింది. సబ్బుతో చేతులు కడుక్కుని, కొత్త ప్యాకెట్ చించి, కొత్త కప్పులో రంగు పోసి, పేరుకు బెత్తెడు దూరంలో ఒకే ఒక చుక్క పొడిచింది. సూది వంచి పడేసింది. "పొక్కు రాలేదాకా గోకకు, గోదాట్లో మునగకు, ఎండ తగలనీకు" అని రెండుసార్లు చెప్పింది.

నాలుగో రోజుకు ఆ అమ్మాయి చెయ్యి వాచింది. చీము పట్టింది. ఆస్పత్రిలో వారం పైన ఉండాల్సి వచ్చింది. ఆ అమ్మాయి తల్లీ మేనమామా షాపుకు వచ్చారు. మేనమామ చూపు మామ్మ ఒళ్ళో ఉన్న రేకు పెట్టె మీద పడింది.

"ఈవిడ చేత పొడిపించారా మా పిల్లకి?"

నేను చెప్పిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదు. "చుక్క ఆవిడే పెట్టారండి. ఆవిడ సూదులు నేను చూసుకోలేదు. తప్పు నాదే" అన్నాను.

తప్పు నాదే అంటూనే దాన్ని ఆవిడ ఒళ్ళో పడేశాను. ఎంత తేలిగ్గా నమ్మారో. నా షాపులో ఏసీ ఉంది, గోడకు సర్టిఫికెట్ ఉంది. ఆవిడకు వణికే చేతులు, తుప్పు పట్టిన పెట్టె. ఆ తల్లి ఏడుస్తూ, "కళ్ళు కనపడని వయసులో ఇంట్లో కూర్చోకుండా నా పిల్ల ప్రాణం మీదికి తెచ్చావు" అని చాలా మాటలు అంది. మామ్మ నావైపు ఒక్కసారి చూసింది. గిన్నె సంగతి చెబుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ అడిగింది ఒకటే: "పిల్లకి ఇప్పుడెలా ఉందమ్మా?"

వాళ్ళు వెళ్ళాక పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. వారం తిరక్కుండా బోర్డు మీద ఆ లైను చెరిపించాను.

మూడు నెలల తరవాత, మామ్మ సొంతూరు వెళ్ళిపోయిందని, కూతురు కూడా తోడుగా అక్కడికే మారిందని తెలిసి, క్షమాపణ చెప్పుకుందామని బయల్దేరాను. నరసాపురం రేవులో జనాన్ని దాటించే పంటు ఎక్కి గోదావరి దాటితే వాళ్ళ ఊరు దగ్గరే. మామ్మ అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. నన్ను చూడగానే, "ఎండలో పడి వచ్చావేంటి?" అని మంచినీళ్ళు ఇప్పించింది. కాసేపటికి నేను నోరు తెరవబోతుంటే తనే అడిగింది.

"ఆ పిల్లకి చీము ఎక్కడ పట్టింది అమ్మాయ్? నా చుక్క దగ్గరేనా?"

"తెలీదు మామ్మా" అన్నాను. నిజంగానే తెలియదు. ఆస్పత్రికి వెళ్ళి ఆ చెయ్యి చూసే ధైర్యం నేను ఎప్పుడూ చేయలేదు.

"నా వల్లే అయ్యుంటుంది. ఈ మధ్య చెయ్యి వణుకుతోంది కదా. ఎక్కడో ఏదో ముట్టుకునుంటాను. అందుకే మానేశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ అలా కాలేదు."

రంగు కప్పు గురించి ఆవిడకు చెప్పాల్సిన క్షణం అదే. ఆవిడ అది చూసింది, గుర్తు కూడా ఉండే ఉంటుంది. అయినా తప్పును తనలోనే వెతుక్కుంటోంది. నేను గోంగూర కట్ట ఒకటి తీసుకుని ఆకులు వలుస్తూ కూర్చున్నాను. సాయంత్రం పంటుకు తిరిగి వచ్చేశాను. ఆ తరవాత మామ్మ ఏడాదిన్నర బతికింది. నేను ఫోనులో కూడా చెప్పలేదు.

ఆవిడ పోయిన నాలుగో రోజున పాలకొల్లు వెళ్ళాను. ఆ అమ్మాయి చదువు అయిపోయి ఇంట్లోనే ఉంది. తల్లీ కూతుళ్ళ ముందు కప్పు సంగతి, నా అబద్ధం సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. ఆ అమ్మాయి చెయ్యి చాపింది. వాళ్ళ నాన్నగారి పేరులో రెండక్షరాలు ఉబ్బిన మచ్చలో కలిసిపోయాయి. బెత్తెడు దూరంలో మామ్మ పెట్టిన చుక్క గుండ్రంగా, శుభ్రంగా ఉంది. చుట్టూ చర్మం మీద గీత కూడా లేదు.

"ఇక్కడ ఏం కాలేదాండి?" అన్నాను.

"మొదటి నుంచీ ఏం కాలేదు" అంది ఆ అమ్మాయి.

తల్లి ఆ చుక్క మీద వేలు పెట్టింది. "కట్టు కట్టేటప్పుడల్లా చూసేదాన్నండి. చూశాను కానీ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆవిణ్ణి అన్న మాటలు వెనక్కి తీసుకోవాలి కదా" అంది. తరవాత, "ఆవిడ కూతురికి చెప్పారా?" అని అడిగింది. లేదన్నాను. "దినం ఎప్పుడో కనుక్కోండి. నేనూ వస్తాను."

దినం నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. పెరట్లో ఒక పక్కన నిలబడి మామ్మ కూతురికి అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అంతా విని, "ఈ మాట అమ్మ ఉండగా చెప్పుంటే బావుండేదండి" అంది. ఆ అమ్మాయి తల్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

ఇది చదివేవాళ్ళలో పచ్చబొట్టు వేయించుకోవాలనుకునేవాళ్ళు ఉంటే, మామ్మ ప్రశ్నలకు మీలో మీరే జవాబులు చెప్పుకోండి. సూది ప్యాకెట్ మీ కళ్ళముందు చించమనండి. రంగు మీ కోసం కొత్తగా పోయమనండి. నాలాంటివాళ్ళు విసుక్కుంటే లేచి వచ్చేయండి. పేరు ఎవరిదైనా, పదిహేను రోజులు ఆగితే ఎక్కడికీ పోదు.

దినం నాడు నన్ను భోజనం చేయకుండా వెళ్ళనివ్వలేదు మామ్మ కూతురు. ఆఖరి బంతిలో కూర్చున్నాను. అందరికీ తనే వడ్డిస్తోంది. ఆకులో అన్నం కలుపుతూనే ఉన్నాను, ముద్ద నోటిదాకా రావడం లేదు. పక్క ఆకులు లేచిపోయాయి. "మజ్జిగ పోయమంటారా?" అన్న మాట తల మీదుగా వినిపించింది. గిన్నె పట్టుకుని ఆవిడ నా ఆకు ముందే నిలబడి ఉంది, నేను తల ఎత్తేదాకా.