అంజమ్మ గడప మీదుగా

మా శంకర్రావన్నకి ఈ లోకంలో ఏదీ సూటిగా వెళ్ళడం గిట్టదు. ఫోరస్ రోడ్‌లో తన దుకాణం నుంచి దాదర్‌లో పెళ్ళికి బయల్దేరితే, దారిలో ఉన్న చుట్టాలందరినీ పలకరించి, అప్పగింతల వేళకి చేరతాడు. తన తలనొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, వాళ్ళమ్మ మోకాళ్ళతో మొదలుపెడతాడు. అదేమంటే, "సీదా పోతె ఎట్ల? నడుమ మనుషులుండరా?" అంటాడు.

ఇలాంటివాడికి దేవుడిచ్చిన పని చూడండి: ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఫోన్లు బిగించి, ఏ కాల్ ఎటు పోవాలో ప్రాక్సీ సర్వర్‌కి రూల్స్ రాయడం!

కామాటిపురాలో మా చాల్‌ని, అదే వరస గదుల పాత మేడని, కూలగొట్టి మమ్మల్ని తలో దిక్కుకీ పంపినప్పుడు, అన్న ఓ పాత కంప్యూటర్‌ని దుకాణంలో సర్వర్‌గా కూర్చోబెట్టాడు. అందరి సెల్‌ఫోన్లలో ఓ యాప్ వేశాడు. పాత ఖోలీ నంబరు నొక్కితే చాలు, ఆ గదిలో ఉండినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నా మోగుతుంది. సెల్ నంబర్లు ఎవరికి గుర్తుంటాయి? ఖోలీ నంబర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

గోడ తట్టి ఉప్పడిగే పక్క ఖోలీ మౌనిక గొంతు విని ఎన్నాళ్ళయిందో! ఆశగా ఆమె నంబరు నొక్కాను. పలికింది అంజమ్మ. పాత చాల్‌లో జీనా మెట్లెక్కగానే మొదటి ఖోలీ ఆమెది.

"ఎవరు, మంగళనా? ఏం కూర ఒండినవ్ బిడ్డా?"

"మౌనికతోని మాట్లాడాలె పెద్దమ్మా."

"మాట్లాడుదువు తియ్. కూర చెప్పు."

కూర చెప్పి, ఉప్పు సరిపోయిందని ఒప్పించాకే బటన్ నొక్కి మౌనికకి పంపింది.

అన్నని నిలదీశాను.

"సీదా పోతె ఎట్ల చెల్లే? ఆమె తలుపు ముంగట్నుంచి పోకుంట ఎన్నడన్న ఇల్లు చేరినవా?"

"అప్పుడు జీనా ఉండె. ఇది ఫోన్ గదన్నా!"

"రూల్ రూలే."

ఎవరు ఎవరికి చేసినా ముందు అంజమ్మ ఫోనే మోగాలన్నది ఆ రూల్. ఆమె ఎత్తకపోతే కాల్ దానంతటదే ముందుకి పోవాలని కింద ఇంకో రూల్ కూడా రాశాడట. పాపం, ఆ రూల్‌కి ఒక్కనాడూ పని పడలేదు.

చుట్టాలొచ్చిన రోజున పూర్ణాలు నూనెలో పగిలిపోతుంటే, కిటుకు తెలిసిన మౌనికకి ఫోన్ చేశాను. చుట్టాలెవరు, ఏ ఊరు, ఎవరి కొడుకు అని అంజమ్మ ఆరా తీసేలోగా పూర్ణాలు బొగ్గులయ్యాయి. తిన్నగా దుకాణానికి వెళ్ళాను.

"ఆ రూల్ తీస్తవా, యాప్ తీసెయ్యాల్నా?"

అన్న మొహం ముడుచుకుని తీసేశాడు.

కాల్స్ సూటిగా వెళ్తున్నాయి. హాయిగా ఉంది. ఓ సాయంత్రం అంజమ్మే ఫోన్ చేసింది.

"బిడ్డా, మన చాల్‌వోళ్ళందరు ఊరికి పోయిండ్రా? నా తలుపు ముంగట్నుంచి ఎవ్వరు పోతలేరు."

బదలాపూర్‌లో ఆమె ఉండేది ఏడో అంతస్తు. లిఫ్టు ఉంది. అందరి తలుపులూ మూసే ఉంటాయి. కూతురు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఒక్కతే. ఫోన్ పెట్టేశాక మా చాల్ వరండా, అందులో అడుగుల చప్పుడు గుర్తొచ్చాయి. నాకూ ఈ కొత్తింట్లో కూర సంగతి అడిగేవాళ్ళు లేరు మరి.

మళ్ళీ దుకాణానికి పరుగెత్తాను.

"ముందే చెప్పొద్దా అన్నా?"

"చెప్తె జాలితోని ఫోన్ చేస్తరు. ఆమెకు జాలి అలవాటు లేదు. గొణుక్కుంట పోయెటోళ్ళే అలవాటు" అన్నాడు, రూల్‌ని మళ్ళీ అన్నిటికంటే పైకెక్కిస్తూ.

ఇప్పుడు పూర్ణాలకి నూనె పెట్టేముందే ఫోన్ చేస్తాను. తీరా అంజమ్మ ఎత్తగానే, "అబ్బ, మౌనికకి ఇయ్యి పెద్దమ్మా" అని గట్టిగా విసుక్కుంటాను. మౌనికతో ఏ పనీ లేని రోజున కూడా మౌనిక నంబరే నొక్కుతాను.