పచ్చి గోడ మీద పసుపు చెయ్యి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెద్దమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంటి ముందు నుంచి నడవడానికి కూడా పిల్లలకి వీల్లేదు. పెద్దమ్మవారంటే మశూచి. ఇప్పటివాళ్ళు చూడలేదు గనక చెబుతున్నాను. ఒళ్ళంతా పొక్కులు లేచేవి. బతికినవాళ్ళు మచ్చలతో బతికేవారు. మా మేనత్త మొగుడు బతకలేదు. అత్తకి మొహం నిండా మచ్చలు మిగిలాయి. పెళ్ళయిన మరుసటేడే ఆవిడ మా ఇంటికి తిరిగొచ్చి వంటింటి వెనక గదిలో ఉండిపోయింది. విధవరాలి చెయ్యి తగలకూడదని మా నాయనమ్మ పసుపు, కుంకుమ డబ్బాలు అటక మీద పెట్టేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న టీవీ వార్తల్లో సాయంత్రమంతా ఒక గోడ చూపించారు. ఎక్కడో గుడి గోడ ఎర్రబడిందట. మహిమా, మాయా అని కింద అక్షరాలు పరుగులు పెడుతున్నాయి. అంతమందిని పిలిచి మాట్లాడించారు గానీ, ఆ గోడని వేలితో గీకి చూసినవాడు ఒక్కడూ లేడు. కరెంటు దండగని కట్టేశాను. కట్టేశాక ఊరుకోలేకపోయాను. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రసాయనశాస్త్రమన్న మాట మనవరాలి పుస్తకం అట్ట మీద చూసిందే. అయినా ఆ గోడ గురించి నాకు తెలిసింది చెప్పే హక్కు నాకుంది.

మా ఊరి అమ్మవారి జాతర ఎండాకాలంలో, కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో వచ్చేది. జాతరకి చాలా ముందుగానే గుడికి సముద్రపు గుల్లలు కాల్చి చేసే గుల్లసున్నం వేయించేవారు. ఆ సున్నం సముద్రం వైపు నుంచి పడవల మీద రావాలి. ఆ ఏడు సున్నం పడవ రాకముందే కాలవ కట్టేశారు. చివరికి ఎవరో బండి కట్టుకెళ్ళి తెచ్చేసరికి జాతర రోజు వచ్చేసింది. పొద్దున్నే సున్నం కొట్టారు. అది ఆరకుండానే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని డప్పులతో వచ్చేశారు. ఆనవాయితీ ప్రకారం ముత్తయిదువలు పసుపు ముద్దలో చెయ్యి ముంచి గుడి గోడకి అద్దారు. ఏటా పచ్చగా ఉండే చేతి గుర్తులు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. గోడ మీద నెత్తుటి చేతులు పెట్టినట్టే ఉంది. డప్పులు ఆగిపోయాయి. అమ్మవారు మన పసుపు వద్దంది అని ఎవరో కేక పెట్టారు.

అప్పటికి రెండు రోజుల నుంచీ మా ఊరి బడి అరుగు మీద మశూచికి టీకాలు వేసే ఆయన మకాం పెట్టి ఉన్నాడు. పక్క ఊళ్ళో గుమ్మాలకి అప్పటికే వేపమండలు వేలాడుతున్నాయి. మా ఇంట్లో ఉయ్యాల్లో చంటితమ్ముడు ఉన్నాడు. జాతర కాగానే పిల్లలందరినీ బడి దగ్గరికి పంపుతామని మునసబు గారు ఆయనకి మాటిచ్చారు. గోడ ఎర్రబడగానే ఆ మాట తిరగబడింది. "అమ్మవారు పోసేదాన్ని సూదితో ఆపుతామంటే ఆవిడ ఊరుకుంటుందేంట్రా? ఆ టీకాలాయన్ని తక్షణం ఊరు దాటించండి" అన్నారు మునసబు గారు. ఆయన్ని సాగనంపడానికి మనుషులు బయల్దేరారు కూడా.

నేను ఒక్క పరుగున ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆవిడ జాతరకి రాకూడదు గనక పెరట్లో కూర్చుని మినుములు చెరుగుతోంది. చెప్పిందంతా విని, చేట కింద పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది.

"గోడకి సున్నం ఎప్పుడేశారే?"

"ఇందాకే, అత్తా. ఇంకా ఆరలేదు."

అత్త లేచింది. పీట వేసుకుని అటక మీంచి పసుపు డబ్బా దించింది. నాయనమ్మ తాంబూలం పెట్టెలోంచి సున్నపుకాయ తీసింది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. పసుపు డబ్బా చంకన పెట్టుకుని విధవరాలు జాతరకి వస్తోందంటే జనం ఎలా చూసి ఉంటారో మీరే ఊహించుకోండి.

గుడి ముందు పళ్ళెం పెట్టి, అందులో పసుపు వేసి, చిటికెడు సున్నం కలిపింది. నీళ్ళు ఎర్రగా అయ్యాయి. "ఇవేంటో చెప్పండర్రా" అంది. అందరికీ తెలుసు. పెళ్ళికీ, పేరంటానికీ, పురిటికీ ఆ ఆడవాళ్ళు చేత్తో కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవి. పళ్ళెంలో చూస్తే శుభం, గోడ మీద చూస్తే అరిష్టం అనుకున్నారు. నవ్వు ఆపుకోలేక ఒక ముసలావిడ, "అయితే నా పెళ్ళిలో నాకు నెత్తురుతో దిష్టి తీశారంటారా, ఓరి నాయనో!" అంది.

మునసబు గారికి నవ్వు రాలేదు. "నువ్వు పసుపు ముట్టుకోవడమేంటమ్మా? ఇది అమ్మవారి గుడి" అన్నారు.

అత్త తలవంచుకుంటుందనుకున్నాను. ఇంట్లో ఎప్పుడూ తలవంచుకునే ఉండేది. ఆవిడ కుడిచెయ్యి ముత్తయిదువల పసుపు ముద్దలో ముంచింది. "ముత్తయిదువల చేతికి అమ్మవారు ఎర్రగా కోప్పడిందన్నారు కదండి. నేను ముత్తయిదువని కాను. నా చేతికి ఇంకో రంగొస్తే మీరు చెప్పిందే నిజమండి, టీకాలాయన్ని పంపెయ్యండి" అని ఆ తడి గోడ మీద అరచెయ్యి ఆనించింది. తీసేసరికి తక్కిన చేతుల్లాగే ఎర్రబడింది. ఎడమచెయ్యి అదే పసుపు ముద్దలో ముంచి సున్నం తగలని తలుపు చెక్క మీద పెట్టింది. అక్కడ పచ్చగానే ఉంది. గోడకి ముత్తయిదువ, విధవ తేడా తెలియదు. తడి సున్నమూ, పసుపూ తెలుసు. అంతే.

"గోడ సంగతి సరే, టీకా సంగతి వేరు" అని గొణిగారు మునసబు గారు.

"గోడని చూపించే కదండి టీకా వద్దన్నారు? ఆ గోడే అబద్ధమైతే ఆ మాట దేని మీద నిలబడుద్దండి?"

మాట అక్కడ వదిలేసి అత్త ఇంటికొచ్చి ఉయ్యాల్లోంచి తమ్ముణ్ణి ఎత్తుకుంది. గుమ్మంలో మా నాన్న అడ్డం నిలబడ్డాడు. ఊళ్ళో పరువు తీశావని కేకలేశాడు. అత్త గొంతు పెంచలేదు. "నా మొహం చూడన్నయ్యా. నీ కొడుకు మొహం ఇలా కావాలంటే చెప్పు, ఆగిపోతాను" అంది. నాన్న పక్కకి జరిగాడు.

బడి అరుగు మీద టీకాలాయన సంచీ సర్దేసుకుంటున్నాడు. అత్త ఆ సంచీ మళ్ళీ విప్పించింది. ముందు నా చెయ్యి చాపించింది, తర్వాత తమ్ముడిది. నేను ఏడిస్తే ఊరుకోబెట్టలేదు, గట్టిగా పట్టుకుంది. మా వెనక కొంతమంది తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు. ఎక్కువమంది తలుపులేసుకున్నారు. ఊరంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ ఎండాకాలం పోయేలోగా పెద్దమ్మవారు మా ఊరూ వచ్చింది. మా గుమ్మానికి వేపమండలు కట్టే అవసరం రాలేదు. కట్టిన ఇళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి గానీ రాయను. అందుకు అత్తకి ఎవరూ దణ్ణం పెట్టలేదు. విధవరాలు ముట్టుకుందని గుడికి సంప్రోక్షణ చేయించారు. పోయేదాకా ఆవిణ్ణి ఏ శుభకార్యానికీ పిలవలేదు. ఆవిడా ఏనాడూ క్షమించమని అడగలేదు.

అప్పటి నుంచీ ఎవరు ఏ వింత చెప్పినా, పేపర్లో పడ్డా, టీవీలో చూపించినా, కలిపి చూశారా అని అడుగుతాను. మొండి ముసలిది అంటారు, అననివ్వండి. అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు, భయపడకుండా ఉంటే చాలు.

జాతర మర్నాడే మునసబు గారు గోడకి మళ్ళీ సున్నం కొట్టించారు. అత్త చెయ్యి ఆ గోడ మీద కనబడకుండా పోయింది. నా జబ్బ మీద మాత్రం టీకా మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని ఏ మునసబూ చెరపలేకపోయాడు.