నైరుతి తలుపు

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ పూర్వజన్మలూ నేను నమ్మను. నంద్యాలలో మా పక్కింటావిడకి అమ్మవారు పూనితే వీధంతా దండాలు పెడుతుంటే, చెంబుతో మజ్జిగ పట్టుకుని నిలబడ్డ దాన్ని నేను. ఎండలో ఊగుతోంది పాపం, దాహమేస్తుందని. ఇప్పటికీ అదే మనిషిని. అయినా ఈ ఒక్క సంగతి ఇన్నేళ్లయినా నాకు కొరుకుడు పడలేదు.

తొంభైల మధ్యలో నేను ఇంగ్లండ్‌లో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదివాను. సరుకు తయారైన చోటు నుంచి కావలసిన వాళ్ల చేతికి ఏ దారిన చేరాలి, మధ్యలో ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఇదీ ఆ చదువు. ఎంత విడమరిచి చెప్పినా మా నాన్నకు అది గోడౌన్ల చదువే. మా అమ్మ ఇంకా నయం, చుట్టాలెవరడిగినా కంప్యూటర్లని చెప్పేసేది. ఆ రోజుల్లో కంప్యూటర్లు కాదంటే, మార్కులు తక్కువొచ్చాయేమోనని జాలిపడేవాళ్లు.

రెండో ఏడు మమ్మల్ని ఒక గోదాము ప్లాను గీయమన్నారు. ఎక్కడో ఒకచోట ఉందనుకుని, కొలతలన్నీ మన ఇష్టప్రకారం వేసుకోవచ్చు. ఒక ఆదివారం పొద్దున, బయట వాన పడుతుంటే, హాస్టల్ గదిలో కూర్చుని గీశాను. తూర్పున పెద్ద గేటు. లోపల ఆరు స్తంభాలు, అందులో మూడోది మిగతా వాటికంటే లావు. దక్షిణం గోడకు పడమటి చివర, అంటే నైరుతి మూలన, ఇంకో తలుపు. దాని వెడల్పు పదకొండు అడుగుల మూడు అంగుళాలని రాశాను. తలుపు పక్కన గోడలో జానెడు చతురస్రం ఒకటి గీశాను. ఎందుకు గీశానో నాకే తెలియదు. గీసేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు, అంతే గుర్తు.

మా ప్రొఫెసర్ ఎర్ర సిరాతో ఆ తలుపు చుట్టూ సున్నా చుట్టాడు. ఈ కొలతకు తలుపులు ఎవరూ చేయరు, ఎక్కడి నుంచి పట్టుకొచ్చావని అడిగాడు. రెండు మార్కులు కోసి, తేదీ వేసి సంతకం పెట్టి కాగితం నా చేతిలో పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. కోతలు కోస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే వచ్చి చూసుకోవచ్చు, కాఫీ కూడా ఇస్తాను.

చదువు ముగించుకుని హైదరాబాద్ వచ్చాక, నిజాంపేటలో మా మేనత్త ఇంట్లో ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నాను. ఎక్కడికి వెళ్లినా నా సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, ప్రోగ్రామింగ్ వచ్చా అని అడిగేవాళ్లు. రాదంటే టీ ఇచ్చి పంపేసేవాళ్లు. ఆ ఎనిమిది నెలల్లో నేను తాగినంత టీ ఎవరూ తాగి ఉండరు.

చివరికి రాఘవరెడ్డి గారు పిలిచారు. ఆయనది కడప. ఆఫీసులకు కుర్చీలు, బల్లలు, కేబుళ్లు సరఫరా చేసే వ్యాపారం. హైటెక్ సిటీలో మొదటి భవనం అప్పుడే తెరిచారు, దాని చుట్టూ ఇంకా బండరాళ్లూ తుమ్మచెట్లే. అందులో ఒక కంపెనీకి మూడు అంతస్తుల సామాను ఇస్తానని ఆయన ఒప్పుకుని వచ్చారు. వచ్చాక షరతులు చదువుకుని గాభరా పడ్డారు. సామాను వాళ్లడిగిన వరుసలో, అడిగిన పూటే రావాలి. ముందొస్తే పెట్టుకునే చోటు లేదు, ఆలస్యమైతే ఒప్పందం రద్దు. ఈ పని కుదిర్చితే ఉద్యోగం ఖాయమనీ, కుదరకపోతే తన దారిన తాను, నా దారిన నేననీ నాతో మొహం మీదే చెప్పారు. ఇది కూడా పోతే నేను మా అమ్మ చెప్పే అబద్ధాన్ని నిజం చేయడానికి ఏ కంప్యూటర్ కోర్సులోనో చేరాల్సిందే.

హైటెక్ సిటీ అవతల గోపన్‌పల్లిలో ఒక పాత ధాన్యం గోదాము కిరాయికి దొరికింది. యజమాని నర్సింలు, ఆ ఊరివాడే, అరవై దాటిన మనిషి. గేటు తీశాడు. లోపల అడుగుపెట్టి నేను అక్కడే ఆగిపోయాను.

ఆరు స్తంభాలు. మూడోది లావు. ఎప్పుడో బీటలిస్తే చుట్టూ ఇటుకలు పేర్చి బిగించారట.

నేను అంతకుముందు గోపన్‌పల్లి పేరైనా వినలేదు. ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి నాన్నకు ఫోన్ చేసి, మనవాళ్లెవరైనా ఎప్పుడైనా అక్కడ ఉన్నారా అని అడిగాను. అది ఏ తాలూకా అని ఆయనే నన్ను ఎదురడిగాడు. మేనత్త మంచం కింద పెట్టెలోంచి ప్లాను తీసి చూసుకున్నాను. అన్నీ సరిపోయాయి, ఒక్క మూల తప్ప. నైరుతి మూలన తలుపు లేదు, సున్నం కొట్టిన గోడ ఉంది. నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనుకున్నాను. తలుపు లేదు కాబట్టి మిగతాదంతా యాదృచ్ఛికమని తేల్చేసుకుని హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి నాలుగు రోజులే. గేటు ఒక్కటే కావడంతో, సరుకు తెచ్చిన లారీ లోపలుంటే తీసుకెళ్లే లారీ బయట ఎదురుచూడాలి. పైగా ముందొచ్చిన సరుకు లోపలికి పోయి, వెనకొచ్చింది దానికి అడ్డం పడుతోంది. ఒకసారి పనిచేసి చూద్దామని కూలీలను పెట్టి చూస్తే, మొదటి అంతస్తు కేబుళ్ల కోసం మూడో అంతస్తు కుర్చీలన్నీ ఎండలోకి మోయాల్సి వచ్చింది. రాఘవరెడ్డి గారు ఆ కుర్చీల్లోనే ఒకదాంట్లో కూర్చుని నావైపు చూశారు. మొదటి లారీ పంపడానికి ఇంకా వారమే ఉంది. తలుపు లేదని సంబరపడ్డ దాన్నే, మరో తలుపు ఉంటే ఎంత బాగుండునని బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ప్లానూ, టేపూ, ఒక స్పానరూ పట్టుకుని వెళ్లాను. ఏం చేస్తున్నానో ఎవరికీ చెప్పే మొహం లేదు. మూల నుంచి కొలుచుకుంటూ స్పానర్‌తో గోడ మీద కొట్టాను. గట్టిగా పలికింది. కాగితం మీద తలుపు మొదలైన చోట శబ్దం మారింది, డొల్లగా.

నర్సింలు పరుగున వచ్చాడు. "గోడను గిట్ల కొడుతున్నరేందమ్మా?"

ఇక్కడ తలుపు ఉండాలని చెప్పాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాననీ, ఇక్కడ ఉన్నది గోడేననీ, ఎండ దెబ్బ తగిలిందేమో జర నీడన కూర్చోమనీ అన్నాడు. అప్పుడు వాళ్లమ్మ ఈరమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. తొంభై ఏళ్లుంటాయి. కొడుకును కర్రతో పక్కకు నెట్టింది.

"ఉండె బిడ్డా. నేను కోడలిగ ఒచ్చిన ఏడాదే మూసిన్రు. నైరుతి తలుపుంటె లోపల సరుకు నిలవదని వాస్తు జూసే అయ్యగారు చెప్పిండు."

ఇక నర్సింలు అసలు ఒప్పుకోలేదు. రాఘవరెడ్డి గారిని పిలిపిస్తే, ఆయన వాస్తు చూడనిదే చెప్పుల స్టాండు కూడా జరపని మనిషి, నర్సింలు కంటే ముందు ఆయనే వెనక్కి తగ్గారు.

"సరుకు నిలవదంటే ఎట్లమ్మా? వ్యాపారం చేసుకునేటోళ్లం."

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే నవ్వొచ్చింది. "సార్, నేను ఇంగ్లండ్ పోయి రెండేళ్లు చదివింది అదే. సరుకు నిలవకుండా ఎట్లా చేయాలని."

ఆయన ఒక్క నిమిషం నన్ను చూశారు, గోడను చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నర్సింలు కూడా నవ్వుతూ సరేనన్నాడు. "పగలగొట్టండప్పా," అన్నారు రాఘవరెడ్డి గారు కళ్లు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి గోడ కూలింది. కింద నల్లరాతి గడప, దాని మీద బండిచక్రాలు అరగదీసిన గాడులు. వెనక పాత బండ్లబాట, రోడ్డు దాకా. టేపు ఒక కొస నర్సింలు పట్టుకున్నాడు, ఇంకో కొస నేను. పదకొండు అడుగుల మూడు అంగుళాలు. అతను రెండుసార్లు చదివాడు. నేను టేపు వదిలేసి కాగితం విప్పాను.

ఈరమ్మకు కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు, ప్లాను అంటే ఏమిటో తెలియదు. అయినా వేలు తిన్నగా ఆ జానెడు చతురస్రం మీద పెట్టింది.

"గిది నా దీపం గూడు. మూసేదాంక రోజూ పొద్దుగూకంగ నేనే ముట్టించిన. గిప్పుడు నాకు దప్ప ఎవ్వరికి ఎర్క లేదు."

ఆమె చూపించిన చోట పూత గీకితే గూడు బయటపడింది. లోపల మసి ఇంకా నల్లగానే ఉంది. ఈరమ్మ అందులో చెయ్యి పెట్టి, మసి అంటిన వేళ్లు చూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడవడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

వారం తర్వాత గడపకు పసుపు రాసి, గూట్లో దీపం పెట్టి, మొదటి లారీని ఈరమ్మే సాగనంపింది. తూర్పున వచ్చిన సరుకు నైరుతిన వెళ్లిపోయింది. మూడు అంతస్తులూ చెప్పిన పూటకు నిండాయి. చివరి కుర్చీ దించిన రోజు రాఘవరెడ్డి గారు నా ఉద్యోగం ఖాయం చేసి, అందరికీ జిలేబీ పంచారు. మా నాన్న బస్సెక్కి వచ్చి గోదామంతా తిరిగి చూసి, ఇదేనా ఆ చదువు, బాగుందే అన్నాడు. అక్కడి నుంచి నా బతుకు కూడా ఎక్కడా నిలవలేదు. ఒక గోదాము నాలుగైంది, తర్వాత పెద్ద కంపెనీలు పిలిచాయి. ఇప్పుడు నల్లగండ్లలో ఉంటున్నాను. ఆ గోదాము ఉన్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి.

గోడ పగలగొట్టిన ఏడే మా ప్రొఫెసర్‌కు తలుపు ఫోటోలు, టేపు పెట్టి తీసినవి, పోస్టులో పంపాను. నెలకు జవాబొచ్చింది. కోసిన రెండు మార్కులూ తిరిగి కలిపానని ఎర్ర సిరాతోనే రాశాడు. కింద ఇంకో వాక్యం ఉంది: పక్కనున్న ఆ చిన్న చతురస్రం గురించి అప్పుడు అడగడం మర్చిపోయాను, అది ఎందుకు గీశావు?

ఇన్నేళ్లలో వేల ఉత్తరాలకు వచ్చిన రోజే జవాబు రాశాను. ఆ ఒక్కటీ నా సొరుగులో అలాగే ఉంది. తెలిస్తే కదా రాయడానికి.