ఎర్ర తలపాగాల వేట

చదువు కొత్తగా ముగించుకుని వచ్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ సరిచేయాలనిపిస్తుంది. ఆ వయసులో నాకది బాగా ముదిరి ఉండేది. గుంతకల్లులో రైలు సిగ్నళ్ళ పని నేర్చుకుని, పరీక్ష గట్టెక్కి, ఉద్యోగపు ఉత్తరువు వచ్చేదాకా మా మేనమామ ఊళ్ళో మకాం వేశాను. కోసిగికి పడమట, గుట్టల అంచున ఉంటుంది ఆ ఊరు. వెళ్ళిన వారంలోనే అత్త వంటింట్లో కుండలను ఎత్తు ప్రకారం వరుసలో పెట్టాను (సాయంత్రానికల్లా అవి వాటి చోట్లకు అవే వెళ్ళిపోయాయి), బావి గిలకకు నూనె వేశాను, ఎద్దులను బండికి కట్టే పద్ధతిలో మూడు లోపాలు కనిపెట్టి మామకు వరుసగా విన్నవించాను. మామ చాలా శ్రద్ధగా విని, "మంచి మాట జెప్తివి. ఆ ఎద్దులకు గూడా ఒకతూరి జెప్పప్పా," అన్నాడు.

ఉగాది మరునాడు ఆ ఊరి మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని గుట్టల్లోకి వేటకు పోవడం తాతలనాటి ఆచారం. మొదటి బాణం మా మామ ఇంటివాళ్ళదే. అడవి అంచున తూర్పుకు తిరిగి మామ ఒక బాణం వదిలితేగానీ మిగతావాళ్ళు అడుగు లోపల పెట్టరు. తాత చేతి వెదురు విల్లు అది. దానికి మామ ఆముదం రాసేటప్పుడు చూడాలి, పసిపిల్లకు తలంటుతున్నట్టు ఉండేది. అయితే కొన్నేళ్ళుగా అదే రోజున, అదే గుట్టల్లోకి తుపాకుల జట్టు ఒకటి రావడం మొదలైంది. దానికి నాయకుడు పక్క ఊరి అంగడి సావుకారి. దొంగల భయమని చెప్పి ఆయన లైసెన్సు తుపాకి ఒకటి సంపాదించాడు. దొంగలు మాత్రం ఎంతకూ రాలేదు. తుపాకి ఊరికే ఉండలేకపోయింది. మాంసం వాసనే గిట్టని ఆ మనిషి ఏటా వేటకు బయలుదేరేవాడు. ఆయన వెనక చేలకాపలా నాటు తుపాకులవాళ్ళు నలుగురైదుగురు. అందరూ ఆయనను తూటాల సావుకారి అనేవాళ్ళు.

అంతకు ముందు ఏడు ఏం జరిగిందంటే, మామ నల్ల కంబళి కప్పుకుని పొదలో వంగి కూర్చుని పంది కోసం కాచుకున్నాడు. పంది రాలేదు. సన్నగుండ్లు వచ్చాయి. వచ్చి, మనిషి కూర్చోవడానికి దేవుడు ఏ భాగాన్ని ఏర్పాటు చేశాడో సరిగ్గా అక్కడ దిగాయి. మంగలాయన చిమటాతో ఒక్కొక్కటే లాగి రాగిచెంబులో టింగుమని వేస్తుంటే, ప్రతి టింగుకూ మామ ఒక కొత్త తిట్టు కనిపెట్టాడట. కాల్చిందెవరో మాత్రం తేలలేదు. తుపాకులవాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకుని తప్పించుకున్నారు. ఆ తర్వాత రెండు జట్లకూ మాటలు లేవు.

ఈసారి ఉగాది దగ్గర పడుతుండగా అత్త తీర్పు చెప్పేసింది. "ఈ యేడు ఆయప్ప పొయ్యేది లేదు. ఇల్లు దాటితే ఆ విల్లు పొయ్యిలోకి పోతాది. నేను పెండ్లాడింది మనిషిని, జల్లెడను గాదు." మామ ఎదురుచెప్పలేదు. ఎదురుచెప్పని మామను చూస్తే నాకు భయం వేసింది. అన్నం సగంలో లేచిపోయేవాడు, విల్లు దగ్గరికి వెళ్ళి ఊరికే నిలబడేవాడు. మొదటి బాణం ఈ ఏడు ఎవరు వేస్తారని ఊళ్ళో అప్పుడే గుసగుసలు. ఇక నా జబ్బు ఊరుకుంటుందా?

"అత్తా, మామను నేను పిల్చుకపోయి పిల్చుకొస్తా. పూచీ నాది," అన్నాను.

"నువ్వా? నువ్వేం జేస్తావు నాయనా?"

"రైళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూసే చదువు నాది. మనుషులెంత?"

అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "సరే అల్లుడా. ఒక్క బొక్క పడకుండా ఈ గడపలోకి తీసకరా. పడిందంటే మటుకు విల్లుతోపాటు నీ సదువు గూడా పొయ్యిలోకే."

మరునాడు మామ ఇంటి అరుగు మీద విలుకాళ్ళను కూర్చోబెట్టి సమస్యను విడదీసి చెప్పాను. విలుకాడు దగ్గరికి పోతేగానీ కొట్టలేడు, కాబట్టి దాక్కుంటాడు. తుపాకివాడు దూరం నుంచే కొడతాడు, కాబట్టి కదిలిన పొదనల్లా కాలుస్తాడు. ఒకడు ఎంత బాగా దాక్కుంటే రెండోవాడికి అంత బాగా పందిలా కనిపిస్తాడు. అందుకని, మొట్టమొదట, నల్ల కంబళ్ళు నిషేధం. రెండు, తలకు ప్రతివాడూ ఎర్రగుడ్డ చుట్టాలి. మూడు, పొదలో వంగి కూర్చోరాదు, వరుసగా నిటారుగా నడవాలి. నాలుగు, నా దగ్గర రైలు గార్డుల పిట్టీల ఉంది, మలుపు వచ్చినప్పుడల్లా నేను ఊదుతాను.

మెల్లకన్నాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆ ఊళ్ళో మేటి విలుకాడు (ఎటు చూస్తున్నాడో పందికి తెలియదు, అదే ఆయన బలమని అనేవాళ్ళు).

"ఎర్రగుడ్డ కట్టుకోని, బారుగా నిలబడి, పీ... పీ... అని ఊదుకుంటా పోతే పంది యాడ ఉంటాదప్పా? మనం వస్తాండామని కూర్చోని కాఫీ కాస్తాంటాదా?"

"పందికి రంగులు తెలియవు," అన్నాను గట్టిగా. (ఆ సంగతి ఏ పుస్తకంలో ఉందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.)

"సెవులన్నా ఉండాయా లేదా?"

"కంబళి లేకుంటే ముండ్లు గీరుకుంటాయి గదా," అన్నాడు ఇంకొకాయన.

"ముల్లు పైపైన గీరుతుంది. గుండు లోపలికి పోతుంది. ఏది కావాలో మామను అడుగు," అన్నాను.

అందరూ మామ వంక చూశారు. మామ అరుగు మీద అప్రయత్నంగా ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. అంతటితో తీర్మానం నెగ్గింది. వేటంటే అడవికి పోవడం, దొరికితే పంది, దొరక్కపోతే మాటలు. మామ లేకపోతే ఆ రెండూ లేవని వాళ్ళకు తెలుసు.

"ఈ ఎర్రగుడ్డ సంగతి సావుకారికి జెప్పొద్దా?" అని మామ ఒక్కడే అడిగాడు. దానికి నేను నవ్వాను. ఎర్రజెండా కనిపిస్తే ఆగమని ఇంజను డ్రైవరుకు ఎవరైనా ఇంటికి పోయి చెబుతున్నారా? ఎరుపంటే ప్రమాదం, ఆగు. ఇది లోకమంతా ఎరిగిన విషయం. అయినా మాటలు లేనివాళ్ళతో మాట్లాడటమెందుకు? ఆదోనికి వెళ్ళి మంచి రక్తవర్ణపు గుడ్డ తెచ్చి నా చేతులతో నేనే సమానంగా చించి, మామకు మాత్రం ఒక మూర ఎక్కువ వేసి పంచాను.

వేటనాడు తెల్లవారగానే అడవి అంచున మామ మొదటి బాణం వదిలాడు. అది పరికిచెట్ల మీదుగా పోతుంటే ఆయన ముఖం వెలిగిపోవడం చూసి, ఈ ఒక్కదాని కోసం అత్తతో ఎన్ని పూచీలైనా పడవచ్చు అనుకున్నాను. తర్వాత నా పద్ధతి ప్రకారం బయలుదేరాం. ముందు నేను. శిక్షణలో ఇచ్చిన కాకీ నిక్కరు, కాకీ చొక్కా, నెత్తిన సోలా టోపీ, నోట్లో పిట్టీల. నా వెనక మామ. ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు, తలమీద అందరికంటే పెద్ద ఎర్ర తలపాగా. ఆయన వెనక నిటారుగా, బారులు తీరి మిగతా ఎర్ర తలపాగాలు. (ఇది చదువుతున్న మీకు ఈపాటికే ఏదో స్ఫురించి ఉంటుంది. నాకు స్ఫురించలేదు.) దారిలో కుందేలు కాదు గదా, తొండ కూడా ఎదురుపడలేదు. మెల్లకన్నాయన మాత్రం నడిచినంతసేపూ, "కాఫీ తాగి పొయ్యింటాయిలే," అంటూనే ఉన్నాడు.

పొద్దు బారెడెక్కిన వేళకు ఇసుక తేలిన వంక మలుపు తిరిగాం. అవతలి గట్టు మీద బండల చాటున తుపాకులవాళ్ళు కనిపించారు. నేను నియమం ప్రకారం ఆగి, గుండె నిండా గాలి పీల్చి, పొడుగ్గా ఊదాను.

ఈల ఆగీ ఆగకముందే, "ఒరే, ఎర్ర తలపాగాలురో! పోలీసులు!" అని ఒక కేక. అంతే. నాటు తుపాకులు పొదల్లోకి ఎగిరాయి. వాటి వెనకే కొన్ని చెప్పులు. మనుషులు మాత్రం అటు కాదు, ఊరివైపు, ఒకరినొకరు దాటుకుంటూ పరుగు. ఆ నాటు తుపాకుల్లో ఒక్కదానికీ లైసెన్సు లేదు. ఆ రోజుల్లో పోలీసు జవాన్లవి ఎర్ర తలపాగాలే. ఎర్ర తలపాగాల జవాన్లు, ముందు కాకీ దుస్తుల్లో ఈలతో ఇన్‌స్పెక్టరు. వాళ్ళ కళ్ళకు మేం కనబడింది అలాగ. ఎరుపంటే ఆగు అని లోకానికంతా తెలుసనుకున్నాను. ఆ గుట్టల్లో మాత్రం ఎరుపంటే పరుగెత్తు.

అందరూ పరుగెత్తారు, ఒక్క సావుకారి తప్ప. ఆయనది భారీ శరీరం. పైగా కళ్ళద్దాలు చెమటకు జారి ఎక్కడో పడిపోయాయి. తుపాకి రెండు చేతులతో నైవేద్యంలా పట్టుకుని, వంక దిగి, మసక చూపుతో వెతుక్కుంటూ వచ్చి, వరుసలో అందరికంటే పెద్ద తలపాగా ఎక్కడుందో చూసి దాని ముందు నిలబడ్డాడు.

"దొరా, నాకు లైసెన్సు ఉండాది దొరా. ఇంట్లో ఇనప్పెట్టెలో శానా భద్రంగా ఉండాది. ఈ దినం తేలేదు, అంతే."

మామకింకా విషయం అర్థం కాలేదు. ఆయనను హెడ్డు కానిస్టేబులనుకున్న సావుకారిని ఆ మౌనం ఇంకా వణికించింది. అడగనివి కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

"పోయినేటి సంగతి గూడా మీకు తెలిసిపాయె గదా దొరా. ఆ కంబళాయప్పకు తగిలినవి నావే. కావాలని జేసింది గాదు. పొద కదిలె, నల్లగా కనపడె. పంది అనుకుంటి."

మామ మీసం ఒకసారి పైకి లేచి దిగింది.

"పంది అనుకుంటివా?"

"అనుకుంటి దొరా."

"ఏ పక్క జూసి అనుకుంటివి?"

"ఎనకపక్క దొరా."

మెల్లకన్నాయన ఇక ఆపుకోలేక పక్కనున్న బండ మీద కూలబడి పొట్ట పట్టుకున్నాడు. సావుకారి ముఖంలో అనుమానం కదిలింది. కళ్ళు చికిలించి మామ ముఖంలోకి ముఖం పెట్టి చూశాడు. చూసి, "అయ్యో, నువ్వా అప్పా!" అని చతికిలబడ్డాడు.

మామ కోపం ఊరికంతా తెలుసు. చేతిలో విల్లుంది, ఎదుట ఏడాదిగా వెతుకుతున్న మనిషి ఉన్నాడు. ఒంట్లో బొక్క పడకుండా మామను తెస్తానని అత్తకు మాట ఇచ్చానేగాని, మామ ఇంకొకరికి బొక్క పెట్టకుండా ఏం చేయాలో నా నియమాల్లో లేదు. మామ చాలాసేపు ఆయనను చూశాడు. తర్వాత తన తలపాగా కొస విప్పి సావుకారి ముఖం మీది చెమట తుడిచాడు. "లెయ్యప్పా సావుకారీ. ఏడాది నుంచి ఒక్కడైనా నిజం జెప్తాడేమో అని జూస్తాండా. నీ నోటెంబడే వచ్చె," అన్నాడు. అని, తుపాకి మాత్రం తీసుకున్నాడు. తూటాలు తీసేయించి, దాన్ని పందిని కట్టినట్టే తలకిందులుగా గుంజకు కట్టించాడు. ఇద్దరు మనుషులు గుంజను భుజాలకెత్తుకున్నారు. కళ్ళద్దాలు వెతికి పెట్టాక సావుకారి కూడా మా వెనకే వచ్చాడు, తన తుపాకి శవయాత్రకు తనే బంధువులాగ.

వేటకు పోయి వట్టిచేతులతో వచ్చినవాళ్ళ మీద ఊరి ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. అది కూడా ఆచారమే. ఊరి మొదట్లో అత్తే అందరికంటే ముందు కుండతో నిలబడి ఉంది. గుంజకు వేలాడుతున్నదాన్ని చూసి కుండ దించి అడిగింది, "ఇదేం జంతువప్పా?"

"పోయినేడు నన్ను కరిచింది ఇదే," అన్నాడు మామ.

ఆడవాళ్ళు కాసేపు తమలో తాము తర్జనభర్జన పడ్డారు. కాళ్ళు లేవు, తోక లేదు, కూరకు పనికిరాదు. కానీ మనిషిని కరిచే జంతువును పట్టి తెస్తే అది వేట కాకుండా ఎట్లా పోతుంది? వేటే అని తేల్చి హారతి ఇచ్చారు. అత్త ముందు మామను ఇటు తిప్పి, అటు తిప్పి, అందరి ఎదుటే పంచె దులిపి చూసుకుంది. ఒక్క బొక్క లేదు. అప్పుడు సావుకారి వైపు తిరిగింది.

"ఏం సావుకారీ, నువ్వు ఒక్క ముక్కన్నా తినవు గదా. కాల్చేది దేనికప్పా?"

ఆయన సిగ్గుపడుతూ, "ఆ సద్దు శానా బాగుంటాదమ్మా," అన్నాడు.

అత్తకు నవ్వు ఆగలేదు. "దానికి గుట్టలదాంకా పోవల్లనా? వచ్చే యేడు నుంచి ఈణ్ణే నిలబడి ఆకాశానికి ఒకటి కాల్చు. నువ్వు కాల్చినాకనే మా ఆయప్ప బాణం ఏస్తాడు. కాల్చి, మా ఇంట్లో బెల్లంనీళ్ళు తాగి, తుపాకిని పండబెట్టుకోని ఇంటికి పో." ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అలాగే జరిగింది. ఆ గుట్టల్లో విలుకాళ్ళు మళ్ళీ తమ నల్ల కంబళ్ళు కప్పుకుని, హాయిగా వంగి కూర్చుని పందులను కొట్టుకున్నారు. సావుకారికి కావలసిన సద్దు సావుకారికి దక్కింది. నేను అరుగు మీద గంటలు గంటలు విడదీసి చెప్పినదాన్ని అత్త కుండ చంకన పెట్టుకుని ఒక్క మాటలో తేల్చేసింది.

కుండ అంటే జ్ఞాపకం వచ్చింది. కలిపిన పేడనీళ్ళను తిరిగి ఇంటికి మోసుకుపోకూడదట. ఎవరో ఒకరి మీద పోయాలి. మామకు హారతి అయిపోయింది, సావుకారి అతిథి. ఇక అత్త చుట్టూ చూసి, శుభ్రంగా ఇస్త్రీ మడతలతో నిలబడి ఉన్న నా దగ్గర ఆగింది. ఇప్పుడు నేనొక స్టేషను సిగ్నళ్ళన్నిటికీ బాధ్యుణ్ణి. రాత్రి ఎర్రదీపం కింద బండ్లు బుద్ధిగా ఆగుతున్నప్పుడు ఒక్కోసారి ఆ కుర్రవాడు కళ్ళముందుకు వస్తాడు. సోలా టోపీ అంచు నుంచి పేడనీళ్ళు కారుతున్నాయి. ఊరంతా నవ్వుతోంది. వాడు మాత్రం వేలు పైకెత్తి, "ఒకటి, కంబళ్ళు. రెండు, తలపాగాలు..." అంటూ తన పద్ధతి ఎలా నెగ్గిందో వినేవాళ్ళు లేకపోయినా వివరిస్తూనే ఉన్నాడు. వాడి పక్కన నిలబడి, ముఖం తుడిచి, నువ్వు చెప్పింది నిజమే నాయనా, ఆ రోజు ఆ గుట్టల్లో ఒక్క గుండు కూడా పేలలేదు, అని చెప్పాలనిపిస్తుంది.