మా మామ చేలో దొరికిన సామ్రాజ్యం

ఆ రోజుల్లో మా పావగడ సీమలో మనుషులు పలకరించుకునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు. ఎక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మైసూరు సర్కారువారు లెవీ పేరుతో రైతు పండించిన రాగుల్లో వాటా కొలుచుకుపోయేవారు. కొత్తవాడు ఊళ్ళోకి వస్తే లెవీవాడేమోనని అనుమానం. పాతవాడు కొత్త చొక్కా వేసుకుంటే వీడే చాడీలు మోస్తున్నాడేమోనని అనుమానం. సరిగ్గా అలాంటి కాలంలో నేను వై.ఎన్.హొసకోట పక్కన ఉన్న మా మేనమామ ఊరికి బడిపంతులుగా దిగాను. ఒంటి మీద కొత్త చొక్కా, చంకలో చరిత్ర పుస్తకం, పైగా సర్కారు జీతం. ఇంక అనుమానానికి ఏం తక్కువ?

మకాం మామ ఇంట్లోనే. ఆ ఇంట్లో మామ, ఆయన తల్లి (అంటే మా అమ్మను కన్న అవ్వ), ఆయన కూతురు ఉండేవాళ్ళు. ఆ పిల్ల నాకేనని పెద్దవాళ్ళు చిన్నప్పటి నుంచీ అంటున్న మాట. నాకూ ఆ మాట మీద కొండంత ఆశ. కానీ సర్కారు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి మామ వరస మారింది. నేను గడప తొక్కగానే లోపల గుసగుసలు ఆగిపోయేవి. “ఏంది మామా మాట్లాడుకుంటాండారు?” అంటే, “ఏం లేదులేప్పా, ఎనుము పాలిస్తాలేదని” అనేవాడు. (ఆ ఇంట్లో ఎనుమే లేదు.)

వాళ్ళు నన్ను అనుమానిస్తే నేను మాత్రం ఊరుకుంటానా? నేనూ వాళ్ళను అనుమానించడం మొదలుపెట్టాను. అప్పుడు నా బుర్ర నిండా సామ్రాజ్యాలే. బడిలో పిల్లల ముందు ఈజిప్టును లేపేవాడిని, బాబిలోనును కూల్చేవాడిని. “ఎంత పెద్ద నాగరికతైనా చివరికి మన్ను కిందనే ఉంటుంది, తవ్వేవాడు రావాలి” అని వాళ్ళకు చెప్పి చెప్పి, ఆ తవ్వేవాణ్ణి నేనేనని నాకే నమ్మకం కుదిరిపోయింది. మా వైపు గుట్టల కింద రాళ్ళు పేర్చిన పాతకాలపు సమాధులు అక్కడక్కడా ఉంటాయి, జనం రాక్షసి గుళ్ళు అంటారు. మామ ఉలవచేలో ఒక మూల కూడా గుండ్రంగా పేర్చిన రాళ్ళు కనిపించాయి. మట్టిలో బూడిద కలిసి ఉంది. కాలితో తన్ని చూస్తే నేల డొల్లగా మోగింది. నా గుండె అంతకంటే గట్టిగా మోగింది.

“ఆ పక్కకు పోవాకు, పాములుండాయి” అన్నాడు మామ. అంతే, ఆయనకు అక్కడ బంగారం దొరికిందనీ, నాకు తెలియకుండా దాస్తున్నాడనీ తేల్చేసుకున్నాను. రోమును ఎవరు కూల్చారో చెప్పగలిగిన నేను, ఇంట్లో గాదె అడుగంటినా నా పళ్ళెంలో సంగటి ముద్ద ఎందుకు చిన్నది కాలేదో ఒక్కనాడూ అనుమానించలేదు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పాత నాగరికతను బయటపెట్టిన పంతులును ఎవరు తీసేస్తారని, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారికి విషయం చెప్పాను. ఆయన ఉబ్బిపోయి, తవ్వకానికి రెవెన్యూవాళ్ళు కూడా ఉండాలని లెవీ వసూలు చేసే శేకదారును వెంటబెట్టుకుని వస్తానన్నారు. వాళ్ళు వచ్చే పొద్దున సంగటి తింటూ గొప్పగా ఆ మాట ఇంట్లో చెప్పాను. మామ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “ఆడ గడ్డపార పడిందా, నా కూతురు ఊసు మర్చిపో” అని చెయ్యి కూడా కడుక్కోకుండా లేచిపోయాడు. బంగారం ఉన్న మాట నిజమేనని నాకు ఇంకా రూఢి అయింది.

దొరలిద్దరినీ, గడ్డపారలు పట్టుకున్న కూలీలనూ తీసుకుని చేలోకి పోయాను కదా, నా రాళ్ళకు సున్నం కొట్టి ఉంది! పసుపు, కుంకుమ, కొట్టిన టెంకాయ, ఆకులో సంగటి. పక్కన మామ కూతురు తలకు కొంగు చుట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. (దగ్గరికి పోతే ఎర్రగడ్డ వాసన, అదే ఉల్లిపాయ.)

“మా అవ్వ సమాధి సామీ. దాన్ని తవ్విస్తాడంట మా బావ!”

నేను నోరు తెరిచేలోపల, ఆ అవ్వే గట్టు దిగి వచ్చి రాళ్ళ మీద పడి గుండెలు బాదుకుంది. “ఓయమ్మో, ఎంత మంచిదానివే! నీయంత మనిషి ఈ ఊర్లో లేదే!”

శేకదారుకు అనుమానం వచ్చింది. “ఈమె నీకేమవుతుంది ముసలమ్మా?”

“నా పానమప్పా. నాకు అంతకంటే దగ్గరోళ్ళు లేరు.”

“ఎప్పుడు పోయింది?”

“యాడ గుర్తుండాది సామీ, ఆ పొద్దు నేను తెలివిలో లేను.”

మామ కూతురు నా పక్కకు జరిగి, ఏడుపు ఆపకుండానే పళ్ళ మధ్య నుంచి అంది: “బావా, దీని కింద పాతర ఉండాది. మన ఏడాది తిండి అంతా దాంట్లోనే ఉండాది. నోరు మూసుకో.”

పాతరంటే రాగులు దాచే గొయ్యి. నా బాబిలోను అక్కడే కూలిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు టోపీ తీసి రాళ్ళకు దండం పెట్టి, నా వైపు తిరిగి, సొంత అవ్వ సమాధిని గుర్తుపట్టలేనివాడు చరిత్ర ఏం చెబుతాడయ్యా అని కన్నడంలో అన్నారు. తిట్టు మాత్రం ఇంగ్లీషులో తిట్టారు. “ఈ ఊరికి కొత్త సార్” అన్నాను తల వంచుకుని. శేకదారు మాత్రం పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండుసార్లూ అవ్వ గొంతు పెంచింది.

ఆ సాయంత్రం మామ నన్ను చాలాసేపు ఎగాదిగా చూసి, “సర్కారోడివైనా నోరు మూసుకునేది తెలుసు నీకు” అన్నాడు. మా పెళ్ళి నిశ్చయమైంది ఆ మాటతోనే. సంతోషంతో నాకు నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి, ఎర్రగడ్డ అవసరం లేకుండా.

తర్వాత యుద్ధం ఆగింది, మహారాజుల కాలం పోయింది, లెవీ పోయింది. పాతర ఖాళీ అయింది. అవ్వ పోయేముందు నన్ను పిలిచి, “నన్ను ఆడనే పెట్టండప్పా. ఏడ్చేపని ముందే చేసుకున్నా” అంది. అలాగే చేశాం. తలాపున ఒక దోసెడు రాగులు పోశాం. ఆ రోజు మాత్రం నేను నిజంగా ఏడ్చాను.

మొన్నొక కుర్రవాడు, భుజాన సంచీ, ఒంటి మీద కొత్త చొక్కా, ఆ రాళ్ళ చుట్టూ తిరుగుతూ కాలితో నేలను తట్టి చూస్తున్నాడు. “ఎవరప్పా నువ్వు? ఏం పని నీకు ఈడ?” అని గట్టు మీది నుంచి అరిచాను. గొంతు అచ్చం మామదే, నాకే నవ్వొచ్చింది.

“ఇక్కడేదో పాత నాగరికత ఉన్నట్టుందండీ” అన్నాడు వాడు బెదురుతూ.

“ఉండాది నాయనా, మా అవ్వ” అన్నాను. ఇంటికి తీసుకుపోయి సంగటి పెట్టించాను. నా భార్య మాత్రం వాడు తిన్నంతసేపూ వాడి సంచీ వైపే చూస్తూ కూర్చుంది.