పక్క సీటు మీద తువ్వాల

మా మేనత్త బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి రెండు సీట్లు పట్టేది. ఎవరైనా పక్కన కూర్చోబోతే, "ఈడ మనిషుండాదప్పా" అనేది.

ఆ మనిషి, కర్నూలులో అత్తతో ఏళ్లుగా కాపురముంటున్న ఆమె. ఎవరడిగినా స్నేహితురాలని చెప్పేవాళ్లం. మా నాయన మాత్రం ఆమె పేరెత్తేవాడు కాదు, చెల్లెలి గడప తొక్కేవాడు కాదు. నా పెళ్లికి వాళ్లిద్దరినీ పిలిచింది నేనే.

భోజనాలకు ఆకులు వేశాక, అత్త పక్కనుంచి ఆమె చేతులు కడుక్కోవడానికి లేచింది. ఖాళీ కుర్చీ చూసి ఒక బంధువు కూర్చోబోయాడు. అంతమంది చుట్టాల మధ్య అత్త తల దించుకుంది. వడ్డిస్తున్న నాయన ఆగి, తన భుజం మీది తువ్వాల తీసి ఆ కుర్చీలో వేశాడు.

"ఈడ మనిషుండాదప్పా. మా చెల్లెలి మనిషి."

అత్త తలెత్తకుండా రెండాకుల మీదా నీళ్లు చల్లింది.